అంగుళంలో నాలుగడుగులు

అడుక్కి పావు అంగుళం. రహస్యమంతా ఇంతే! ఇది చేతికి చిక్కినప్పటి నుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను, మీకూ చెప్పకుండా ఉండలేను.

స్వీట్ హోమ్ 3డీ అని ఇళ్ల ప్లాన్లు గీసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎమ్మాన్యుయెల్ ప్యూబారె అనే ఫ్రెంచాయన తయారుచేశాడు, 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. గోడలు లేపి, తలుపులు బిగించి, మంచాలు వేసి, కట్టని ఇంట్లో గదిగదీ తిరిగి చూసుకోవచ్చు. ముచ్చటగానే ఉంటుంది గానీ నా మతి పోగొట్టింది అది కాదు. పేజీ సెటప్‌లో ఒక చిన్న గడి ఉంది. ఏ స్కేలులో ప్రింటు కావాలో అందులో రాయొచ్చు. 1/48 అని కొట్టి, పీడీఎఫ్ చేసి, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరి జిరాక్సు షాపులో ఏ4 కాగితం మీద తీయించాను. పిల్లల జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి హాలు మీద పెట్టాను. మూడంగుళాలు. అంటే పన్నెండడుగులు. నేను గీసుకున్న హాలు సరిగ్గా పన్నెండడుగులే!

48 ఎందుకంటారా? ఇంజనీర్లు 1:50, 1:100 అంటారు, మీటర్లలో లెక్కపెట్టేవాళ్లకు అదే సుఖం. మన మేస్త్రీల టేపు మాత్రం అడుగులూ అంగుళాల్లోనే నడుస్తుంది. పావు అంగుళాన్ని 48తో హెచ్చవేస్తే పన్నెండంగుళాలు, ఒక అడుగు. అంగుళానికి పదహారు గీతలున్న స్కేలు పట్టుకుంటే ఒక్కో గీత మూడంగుళాలు. మూడు గీతల మందముంటే తొమ్మిదంగుళాల గోడ, గీతన్నర ఉంటే నాలుగున్నర గోడ. క్యాలిక్యులేటరుతో పనే లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, 30×40 స్థలం, అంటే మూడు సెంట్లకు కాస్త తక్కువ, ఈ లెక్కన ఏడున్నర అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు. ఏ4 కాగితంలో చక్కగా ఇమిడిపోతుంది!

అసలు సంబరం ఆ తర్వాత మొదలైంది. పాత పెళ్లిపత్రికల అట్టను అదే కొలతకు కత్తిరించాం. ఆరడుగుల వెడల్పు మంచం ఒకటిన్నర అంగుళం, మూడడుగుల బీరువా ముప్పావు అంగుళం. ప్లాను వంక ఏనాడూ తొంగిచూడని మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. బీరువా ముక్కను నైరుతి మూలకు జరిపి, మంచాన్ని గోడకు ఆనించి, మధ్య సందును స్కేలుతో కొలిచింది. "అడుగున్నరే మిగుల్తాది గదరా, బీరువా తలుపెట్ల తెరిచేది?" అంది. త్రీడీ బొమ్మలో ఎంత తిరిగినా నా కంటికి ఆ సందు ఆనలేదు. బేతంచెర్ల బండల లెక్కా అంతే. రెండడుగుల బండ అరంగుళం గడి. గడులు గీసి చూస్తే పది పన్నెండ్ల గదికి ముప్పై బండలు, ఏ వరుస ఎక్కడ తెగుతుందో కూడా కనబడుతుంది.

ఆళ్లగడ్డకు ఈ విద్య కొత్తేమీ కాదు లెండి. ఇక్కడి శిల్పులు రాతి మీద ఉలి పెట్టకముందే ఇలాంటి లెక్కే వేసుకుంటారు. శిల్పశాస్త్రంలో నవతాళమంటే ముఖం పొడవు ఒక తాళం, విగ్రహం మొత్తం తొమ్మిది తాళాలు. తాళానికి పన్నెండు భాగాలు, మొత్తం 108. జానెడు బొమ్మయినా నిలువెత్తు విగ్రహమయినా ఆ భాగాల సంఖ్య మారదు, భాగం కొలతే మారుతుంది. రోడ్డు పక్కన ఆ విగ్రహాలను చూస్తూ పెరిగిన ఊళ్లో ఇంటి ప్లానుకు స్కేలు పెట్టి చూసేవాళ్లు ఇంత తక్కువ ఉండటమే నాకు వింత.

మా మేస్త్రీకి చూపిస్తే కాగితం తిప్పి తిప్పి చూశాడు. "అంకె రాయకున్నా కొలుచుకోవచ్చా అన్నా?" అన్నాడు. కొలుచుకోవచ్చు. అయితే ముగ్గు పోసేటప్పుడు మాత్రం ప్లానులో రాసిన అంకెకే పెద్దపీట వేయాలి. కాగితం సాగుతుంది, ప్రింటరు గీత లావవుతుంది. స్కేలు కొలత మనం అర్థం చేసుకోవడానికి, అంకె పునాది తీయడానికి.

ఈ స్కేలును చెడగొట్టేది ప్రింటు తీసేచోట ఉండే "ఫిట్ టు పేజ్" అనే మాట. అది చడీచప్పుడు లేకుండా బొమ్మను కుదిస్తుంది. నూటికి ఐదు వంతులు కుదించిందంటే పదడుగుల గది స్కేలుకు తొమ్మిదిన్నర అడుగులే చూపిస్తుంది. ఏ3లో గీసింది ఏ4లోకి దించితే మరీ ఘోరం, 71 శాతానికి పడిపోయి 1:48 కాస్తా 1:68 అవుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన ప్లానుకైతే స్కేలన్నదే మిగలదు. పీడీఎఫ్‌గానే పంపాలి.

మీరూ ఇల్లు కట్టబోతుంటే ఇంజనీరును 1:48 పీడీఎఫ్ అడగండి. ప్లాను పక్కనే పదడుగుల గీత ఒకటి గీయించండి. ప్రింటులో అది రెండున్నర అంగుళాలు ఉండాలి. లేదంటే ఆ కాగితం షాపులోనే వదిలేసి, "యాక్చువల్ సైజు" పెట్టి మళ్లీ తీయమనండి.