రొయ్యకు పండుగప్ప
యానాం నుంచి గోదావరి మొగ దాకా, చేతిలో గాలంతో ఒక పూట

వేకువ నాలుగింటికి యానాం గట్టు మీద టీ బండి కూడా తెరవలేదు. గౌతమిలోకి దిగే మెట్ల దగ్గర మాత్రం ఒక ప్లాస్టిక్ టబ్బులో బ్యాటరీతో నడిచే బుల్లి గాలిపంపు బుడబుడలాడుతోంది. టార్చి వేస్తే నీళ్ల అడుగున డజన్లకొద్దీ కళ్లు నిప్పురవ్వల్లా మెరిశాయి. అవన్నీ రొయ్యలు. "మనకి ఫ్యాను ఆగినా పర్లేదండీ, వీటికి గాలి ఆక్కూడదు. చచ్చిన రొయ్యకి జెల్ల వస్తది, బతికున్న రొయ్యకి పండుగప్ప వస్తది" అన్నారు పడవ ఆసామి. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఆ రోజు నేర్చుకున్న దానిలో సగం ఆ ఒక్క మాటలోనే ఉందని తర్వాత అర్థమైంది.

యానాం అనగానే జనానికి గుర్తొచ్చేది పులస. లేదంటే 1954 దాకా సాగిన ఫ్రెంచి పాలన. పులస కోసం వచ్చేవాళ్లు వరదనీరు ఎర్రగా దిగే జూలై, ఆగస్టుల్లో వస్తారు. నేను వెళ్లింది మే నెలలో. ఆ రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు వచ్చే నీరు నామమాత్రం. నది వెనక్కి తగ్గితే సముద్రం ముందుకొస్తుంది. పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీరు పాయల్లోకి ఎక్కుతుంది, దాని వెంట చేపలూ ఎక్కుతాయి. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు విరామం. పెద్ద బోట్లన్నీ లంగరు వేసుకుని కూచుంటే, తెడ్డు వేసుకుని గాలంతో బతికేవాళ్లకు అదే అదను.

జపాన్‌లో ఒక సామెత ఉంది. చిన్న ఖర్చుతో పెద్ద లాభం కొట్టేవాణ్ణి రొయ్యతో తాయ్ చేపను పట్టాడంటారు. గౌతమి మీద తాయ్‌కి బదులు పండుగప్ప. మీటరు దాటి పెరిగే వెండిరంగు చేప, నోరు తెరిస్తే పిడికిలి పడుతుంది. అది ఎరను కొరకదు. నోటిని ఒక్కసారిగా తెరిచి, నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న పాయలో ఆ 'టప్' శబ్దం చెవిన పడుతుంది కూడా. పుట్టినప్పుడు ఇవి చాలావరకు మగవి, కొన్నేళ్లకు పెరిగి ఆడవవుతాయి. పెద్ద చేపల్లో ఎప్పుడూ గుడ్లే కనిపిస్తాయని మా ఆసామి మామూలుగా చెప్పిన విషయం వెనక ఉన్న కిటుకు అదే.

బాలయోగి వారధి కింది నుంచి పడవ దిగువకు జారింది. అటు ఎదుర్లంక, ఇటు యానాం. రెండు ఒడ్లా కొబ్బరి, ఆ వెనక రొయ్యల చెరువులు. చీకట్లో చెరువులు కనిపించవు. ఏరేటర్ల హోరు మాత్రం వినిపిస్తుంది. పెద్ద పెద్ద చక్రాలు నీటిని చిలుకుతూ రొయ్యలకు ఊపిరి పోస్తుంటాయి. మా టబ్బులోని గాలిపంపు చేసేదీ అదే పని.

మడ అడవులు మొదలయ్యే చోట ఆటు ఎప్పుడు మొదలవుతుందా అని ఆగాం. ఈ వేటలో గడియారానికి విలువ లేదు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది, అమావాస్య, పౌర్ణమిలకు బలంగా ఉంటుంది, అష్టమి నాటికి చప్పబడుతుంది. ఆసామి పంచాంగం చూసే రేవు నుంచి బయల్దేరారు. ఆటు మొదలై, మడచెట్ల వేళ్ల సందుల్లోంచి నీరు తిరిగి పాయలోకి దిగేటప్పుడు దానితో పాటు చిన్న రొయ్యలు, చేపపిల్లలు బయటికి కొట్టుకొస్తాయి. చిన్నపాయ పెద్దపాయలో కలిసే చోట పండుగప్ప కాపు కాస్తుంది. ఎర పడాల్సింది కూడా అక్కడే.

రొయ్యను గుచ్చడం చూసినంత తేలిక కాదు. తలమీద రంపంలాంటి కొమ్ము ఉంటుంది కదా, దాని మొదట్లో పెంకు కిందుగా కొక్కెం దూర్చాలి. ఆ వెనకే పెంకులోంచి నల్లగా ఒక మచ్చ కనిపిస్తుంది. దానికి తగిలితే రొయ్య అక్కడికక్కడే చస్తుంది. తగలకపోతే అరగంట దాకా ఈదుతుంది. భయపడ్డప్పుడల్లా తోక ముడిచి వెనక్కి ఎగురుతుంది. పండుగప్పను రెచ్చగొట్టేది ఆ ఎగురుడే. మొదటి మూడు రొయ్యలనూ నేను చంపేశాను. "కానీండి, నేర్చుకునేటప్పుడు ఖర్చవుద్ది" అన్నారాయన, మొహంలో ఏ భావమూ లేకుండా.

చచ్చినవి పారేయలేదు. వాటికి వేరే పద్ధతి. తల తుంచి, తోక వైపు నుంచి కొక్కెం ఎక్కించి, ఒంటి వంపు వెంబడే తీసుకొచ్చి నిటారుగా నిలపాలి. వంకరగా గుచ్చితే ప్రవాహంలో గిరగిరా తిరిగి తంగూసు మెలిపడుతుంది. పెంకు తీస్తే వాసన త్వరగా నీటిలో కలుస్తుంది, కానీ మెత్తబడి పీతల పాలవుతుంది. ఉప్పు పట్టిస్తే గట్టిపడుతుంది. రొయ్య మాంసంలో గ్లైసిన్, బీటైన్ అనే పదార్థాలు దండిగా ఉంటాయి. మనం తియ్యదనం అనుకునే రుచిలో వాటి వాటా ఉంది, చేపలను ఆకర్షించేదీ అవే. అంటే వండిన రొయ్యను మనం, పచ్చి రొయ్యను చేప ఇష్టపడేది ఇంచుమించు ఒకే కారణంతో.

సీసపు గుండు, మూరెడు వదిలి కొక్కెం, మిగతా తంగూసు అంతా ఖాళీ నూనె సీసా చుట్టూ. గెడ లేదు, చక్రం లేదు. తంగూసును చూపుడువేలి మీదుగా పట్టుకుని కూచోవడమే. తొలి లాగుడు జెల్లది. పైకి తీస్తుంటే ఆసామి "ముట్టుకోకండి" అని అరిచారు. వీపు మీదా, చెంపల పక్కనా ఉండే దాని ముళ్లకు విషముంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చేయి పెట్టుకోవడమే తక్షణ వైద్యం. పడవలో వేడినీళ్లు ఎక్కడివి? ఆయన కాలితో తొక్కిపట్టి, పట్టుకారుతో కొక్కెం ఊడదీసి బుట్టలో పడేశారు.

రొయ్యలు ఎక్కడివని అడిగాను. చెరువువి. వెనామీ. ముందురోజు పట్టుబడి జరిగిన చెరువు గట్టు నుంచి పావుకిలో కొనుక్కొచ్చారట. ఏటి రొయ్య ఉండగా చెరువు రొయ్య ఎందుకు? ఆయన కాసేపు తంగూసునే చూస్తూ కూచున్నారు.

"ఏట్లో రొయ్యని అయిపోచేసిందీ మేమేనండి."

1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్య జ్వరం. చెరువులకు పిల్ల కావాలి. హేచరీలు చాలినన్ని లేవు. ఆడవాళ్లు, పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో సన్నకన్ను వలలు ఈడ్చి, వచ్చినదాన్ని పళ్లెంలో పోసుకుని, వెంట్రుకంత సన్నటి టైగర్ పిల్లలను ఆల్చిప్పతో ఏరి లెక్కపెట్టి అమ్మేవారు. ఆ పిల్లల్లో ఈయన ఒకరు. పళ్లెంలో మిగిలింది గట్టున పారబోసేవారు. "ఆ మిగిలినదాంట్లో ఏముండేదనుకున్నారు? వేరే రొయ్యల పిల్ల, పీతల పిల్ల, ఈ పండుగప్ప పిల్లే. ఎండకి గంటలో ఎండిపోయేది."

ఆ జ్వరం దిగింది 1994-95లో, తెల్లమచ్చ వైరస్ దాడితో. చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక ఆట మళ్లీ మొదలై, మునుపటికంటే పెద్దదైంది. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సింహభాగం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌దే. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ గట్ల మీద ఎంత గగ్గోలు పుట్టిందో చూసినవాళ్లకు రొయ్య ధర ఎక్కడ తేలుతుందో చెప్పనక్కర్లేదు. "అమెరికా వాడు కొనకపోతే మాకు ఎర చవకండి" అని ఆయన నవ్వారు. పక్క చెరువు రైతు వినుంటే నవ్వేవాడు కాదు.

అయితే చెరువు రొయ్యను ఏటిలో వేయడం నాకు మింగుడుపడలేదు. కారణం ఆస్ట్రేలియాలో ఉంది. 2016 డిసెంబరులో బ్రిస్బేన్‌కు దక్షిణాన లోగన్ నది ఒడ్డున రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ బయటపడింది. ఆ దేశపు రొయ్యల సాగు అంతవరకూ దాన్ని ఎరగదు. ఎలా వచ్చిందో తేల్చలేకపోయారు గానీ, సూపర్‌మార్కెట్‌లో తిండికని అమ్మే దిగుమతి రొయ్యలను కొని గాలానికి గుచ్చేవాళ్ల మీదికి అనుమానం మళ్లింది. ఈ వైరస్ మనిషిని ఏమీ చేయదు, వండితే చస్తుంది. గడ్డకట్టిస్తే మాత్రం చావదు. 2017 జనవరిలో ఆ ప్రభుత్వం పచ్చిరొయ్యల దిగుమతినే కొన్ని నెలలు ఆపేసింది. ఎరకు గుచ్చిన రొయ్య ఆసియా దేశాల ఎగుమతులకు అడ్డుపడిందన్నమాట.

ఇదంతా చెబితే ఆసామి శ్రద్ధగా విన్నారు. "రోగం రొయ్య నాకు తెలుస్తదండి, పెంకు మీద సున్నం చుక్కల్లా ఉంటాయి. అది కొనను" అన్నారు. అన్ని వేళలా మచ్చ పైకి కనిపించదని చెప్పాను. "మరి చెరువు నీళ్లు వదిలేది ఎక్కడికండీ? ఈ ఏట్లోకే కదా. దానికి లేని అడ్డం నా పావుకిలోకా?" నా దగ్గర జవాబు లేదు. నిబంధన ప్రకారం రోగం సోకిన చెరువు నీటిని శుద్ధి చేశాకే వదలాలి. అది ప్రతి గట్టు మీదా అమలవుతుందని ఆయన ముందు అనడానికి నాకు నోరు రాలేదు.

ఏడింటికి ఆటు ఊపందుకుంది. నా వేలి మీద తంగూసు ఒక్కసారి వదులై, మరుక్షణం కోసుకుపోయేలా బిగిసింది. వదలండి వదలండి అంటున్నారాయన. నేను వదల్లేదు. నీటిపైకి ఒక వెండి పలక లేచి, తల విదిలించి, పడిపోయింది. తంగూసు తేలికైపోయింది. చేప మొప్పల అంచు కత్తిలా ఉంటుందట, బిగబట్టి లాగితే తెగేది తంగూసే. ఎంత ఉంటుందని అడిగితే చేతులతో చూపించలేదు. "పోయినదాన్ని తూచకూడదండి" అన్నారు.

తర్వాత ఆయన గాలానికి రెండు పడ్డాయి. ఒకటి మూడు కిలోలు ఉంటుంది. రెండోది జానెడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కొక్కెం నెమ్మదిగా తీసి, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, తోక ఆడేదాకా పట్టుకుని వదిలేశారు. నేను ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఎండ ముదిరేసరికి రేవుకు చేరాం. పెద్దదాన్ని గట్టు మీదే ఒక హోటల్ కుర్రాడు బేరమాడి తీసుకుపోయాడు. టబ్బులో పదో పన్నెండో రొయ్యలు మిగిలాయి. వాటిని ఏట్లో పోస్తారేమోనని చూస్తున్నాను. ఆయన గాలిపంపు ఆపి, నీళ్లు మెట్ల మీదకు కాకుండా గట్టుకు ఆవల ఇసుకలో వంచి, రొయ్యలను సంచిలో వేసుకున్నారు.

"గోంగూరలోకి సరిపోతాయండి" అన్నారు.