పిల్లి గీరితే పండుగ వాయిదా వేయాలా, సూది వాయిదా వేయాలా?

డిసెంబరు మాసం ప్రవేశించగానే మా ఉండి పరిసర గ్రామాలలో ఇళ్ల ముంగిట నక్షత్రాలు వెలుగుతాయి. వెదురుబద్దలను కట్టి, రంగుకాగితాలు అతికించి, లోపల బల్బు అమర్చిన నక్షత్రాలవి. మా ఇంట్లో ఆ పనికి అధికారిణి నా శ్రీమతి. సరుగుడు కొమ్మను తెప్పించి, ఇసుక నింపిన బకెట్‌లో నిలబెట్టి, గాజు బుడగలు, తళుకు దండలు వేలాడదీయడం ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటు.

చేపల చెరువులున్న ఊళ్లో పిల్లులకు కొదవ ఉండదు. చేపలమ్మి కేక వినగానే వీధి మొదట్లోనే ఎదురేగే రెండు పిల్లులు క్రమంగా మా ఇంటివే అయిపోయాయి. వాటి దృష్టిలో ఆ సరుగుడు కొమ్మ మేము వాటి కోసమే తెచ్చిన ఆటస్థలం. గత క్రిస్మస్‌కు ముందు వారంలో అవి దానిని మూడుసార్లు పడదోశాయి. మేమందరం నవ్వుకున్నాము.

డిసెంబరు 24 సాయంత్రం ఆ నవ్వు ఆగిపోయింది. చారల పిల్లి కొమ్మపైకి ఎగబ్రాకి, తళుకు దండ కొసను నమలసాగింది. ఎనిమిదేళ్ల మా మనుమడు దానిని లాగబోయాడు. పిల్లి బెదిరి పంజా విసిరింది. వాడి ముంజేతిపై మూడు గీతలు పడ్డాయి. వాటిలో ఒకదాని వెంట నెత్తురు చిమ్మింది. "తాతయ్యా, ఏమీ కాలేదు, పిల్లిని కొట్టకండి" అంటూ వాడు చేయి వెనక్కు దాచుకున్నాడు.

గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, అయొడిన్ ద్రావణం పూశాను. అంతవరకు వైద్యుడిగానే ప్రవర్తించాను. ఆ తరువాత మాత్రం, "మన ఇంటి పిల్లే కదా, పండుగ వెళ్లనీ, ఎల్లుండి చూద్దాం" అన్నాను. నా శ్రీమతి చేతిలోని పిండివంటల పళ్లెం కింద పెట్టి, "ఏమండీ, మీ దగ్గరకు వచ్చిన రోగి ఇదే మాట అంటే మీరేమనేవారు?" అని అడిగింది.

నాకు ఒక వ్యవసాయ కూలీ గుర్తుకు వచ్చింది. నేను ఒక గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. గాదె దగ్గర పిల్లి కరిస్తే ఆమె కారం అద్దుకొని పనిలోకి పోయింది. ఆ రోజుల్లో పొట్ట చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం జనానికి ఉండేది. రెండు నెలల తరువాత ఆమెను నా వద్దకు తీసుకువచ్చారు. మంచినీళ్ల గ్లాసు చూడగానే ఆమె గొంతు బిగుసుకుపోయింది. అప్పటికి నా చేతిలో చేయగలిగినది ఏమీ లేదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికి బట్టకట్టినవారు అత్యంత అరుదు. లక్షణాలకు ముందు సకాలంలో చికిత్స అందితే దానిని నివారించవచ్చు.

అరగంటలో మనుమడిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. నెత్తురు వచ్చిన గీత కనుక దానిని మూడవ శ్రేణి గాయంగా పరిగణించి, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇచ్చారు. పిల్లి తన పంజాలను నాకుతూ ఉంటుంది. లాలాజలంలోని క్రిమి గోళ్ల ద్వారా గాయంలోకి చేరే అవకాశం ఉన్నది. నెత్తురు రాని గీతకు సైతం టీకా అవసరమే.

నేటి టీకా పొట్టలో వేయరు. భుజాల చర్మంలో స్వల్ప మోతాదుగా 0, 3, 7, 28 రోజులలో ఇస్తారు. మా వాడికి అవి డిసెంబరు 24, 27, 31, జనవరి 21 తేదీలయ్యాయి. పిల్లిని పదిరోజులు గమనించాము. అది నిక్షేపంగా తిరిగింది. ఆ గమనింపు టీకా మొదలుపెట్టిన తరువాత చేయవలసినదే తప్ప, టీకాకు బదులు కాదు. మిగిలిన మోతాదుల విషయం వైద్యుడే నిర్ణయించాలి.

మరి ఆ తళుకు దండ? పిల్లి నాలుకపై వెనక్కు వంగిన సన్నని ముళ్లుంటాయి. నోటిలోకి వెళ్లిన దారాన్ని అది సులువుగా ఉమ్మివేయలేదు. మింగిన దారం ఒక కొస ఎక్కడైనా చిక్కుకుంటే పేగు ముడుచుకుపోయి కోసుకుపోవచ్చు. నోటి నుంచి గాని, వెనుక నుంచి గాని దారం వేలాడుతుంటే లాగవద్దు. పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అదృష్టవశాత్తు మా పిల్లి ఏమీ మింగలేదు. ఆ వారంలోనే రెండు పిల్లులకూ రేబిస్ టీకా వేయించాము. ముందే చేయవలసిన పని అది.

ఈ ఏడాది మా అలంకరణ మారింది. సరుగుడు కొమ్మ కొసను కిటికీ ఊచకు కట్టాము. గాజు బుడగల స్థానంలో గుడ్డబొమ్మలు, కాగితపు నక్షత్రాలు వచ్చాయి. తళుకు దండలు పూర్తిగా మానివేశాము. దీపాల తీగలు పిల్లులకు, పిల్లలకు అందని ఎత్తున ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు ప్లగ్ తీసివేస్తున్నాము. మినుకుమినుకుమనే బొమ్మలలోని గుండీ బ్యాటరీలను కూడా దూరంగా ఉంచండి. పిల్లవాడు మింగితే అన్నవాహిక రెండు గంటలలోనే కాలిపోవచ్చు.

నిన్న మనుమడు ఫోనులో, "తాతయ్యా, చారలది ఇంకా కొమ్మ ఎక్కుతోందా?" అని అడిగాడు. ఎక్కుతూనే ఉన్నది. కొమ్మ మాత్రం పడిపోవడం లేదు.

మీ ఇంట కూడా పిల్లి గీరినా, కుక్క కరిచినా నా వలె "ఎల్లుండి" అనకండి. వెంటనే సబ్బు, నీళ్లు, ఆ పైన అదే రోజు ఆసుపత్రి. కారం, సున్నం, కాఫీపొడి వద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం, పండుగ రోజైనా సరే ఆలస్యం చేయవద్దు. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.