మూడు తరాలకు అవతల

తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలను తలుస్తాం. ఆ పైవాళ్లెవరు? నా తీరిక వేళలన్నీ ఈ ప్రశ్నకే ఇచ్చేశాను.

మన పూర్వీకులు ఎక్కువగా మిగిలింది భూమి కాగితాల్లో. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, కోస్తాలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఇంట్లో ట్రంకుపెట్టెలోని పాత దస్తావేజులు. పట్టాదారు పక్కన తండ్రి పేరు కనిపిస్తే ఇంకో తరం పైకి వెళ్లొచ్చు.

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవాళ్ల జాడ ఇంకా వివరంగా ఉంటుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో 342 మంది ఉన్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు అన్నీ అలాంటి ఓడల జాబితాలకెక్కాయి. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లకు స్వగ్రామం వెతుక్కోవడానికి అవే ఆధారం.

నన్ను బాధించేది ఆడవాళ్ల సంగతి. దస్తావేజులో 'ఫలానావారి భార్య' అయ్యాక పుట్టింటిపేరు మాయమవుతుంది. అందుకే నా వంశవృక్షంలో ప్రతి కోడలి పుట్టింటిపేరూ, ఊరూ రాస్తున్నాను. వీటికి రికార్డు పెద్దవాళ్ల జ్ఞాపకమే. మీ అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరో ఈ ఆదివారమే అడిగి రాసుకోండి. కచేరీ కాగితాన్ని రేపైనా చూడొచ్చు, మనిషిని మాత్రం ఇవాళే అడగాలి.