అమ్మానాన్నలతో హవాయి

ఎండాకాలం వచ్చిందంటే బెంటన్‌విల్‌లో మనవాళ్ళ ఇళ్ళకు ఇండియా నుంచి తల్లిదండ్రులు వస్తారు. క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం, బీవర్ లేక్ చూపించేసరికి రెండు వారాలవుతుంది. ఆ తరువాత సముద్రం మాట వస్తుంది. ఇక్కణ్ణుంచి ఏ సముద్రానికైనా కారులో రోజంతా ప్రయాణం. ఎలాగూ విమానమే అనుకున్నాక హవాయి పేరు వినిపిస్తుంది. దానికి ఇంకో కారణమూ ఉంది. వీసా స్టాంపింగు బాకీ ఉన్నవాళ్ళు కాన్‌కూన్‌కో బహామాస్‌కో వెళ్ళాలంటే జంకుతారు. హవాయి 1959 నుంచి అమెరికాలో ఒక రాష్ట్రం, సరిహద్దు దాటే పని లేదు. విమానాశ్రయంలో పెద్దవాళ్ళకు గుర్తింపుగా వాళ్ళ ఇండియా పాస్‌పోర్టు చాలు.

మా నాన్నది కోనసీమ. సంగతి చెప్పగానే, "కొబ్బరిచెట్లూ సముద్రమూ చూడ్డానికి ఇంత డబ్బు పోయాలిట్రా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మేము హోనొలులు జోలికి పోకుండా, హవాయి అనే పేరే గల పెద్ద దీవికి వెళ్ళాము. అక్కడ కిలౌయేయా అగ్నిపర్వతం ఉంది. అది కోనసీమలో లేదు గదా!

వారం రోజుల్లో నాలుగు దీవులు చుట్టి రమ్మని సలహా ఇచ్చేవారు చాలామంది. వయసులో ఉన్నవాళ్ళకు సరే. పెద్ద దీవి నుంచి మిగిలినవాటికి వెళ్ళాలంటే మళ్ళీ విమానమే, ప్రతిసారీ సగంరోజు పోతుంది. మా ఆవిడకు కవాయి దీవిలో 2023లో కుంభాభిషేకం జరిగిన ఇరైవన్ ఆలయం చూడాలని ఉండేది. బెంగుళూరు దగ్గర చెక్కిన తెల్లరాయితో కట్టారు దాన్ని. చివరికి అమ్మే, "గుడికి మళ్ళీ వద్దాంలేవే, నన్ను ఒక్కచోట కూర్చోనివ్వండి" అన్నది. డెబ్బై దాటిన మనిషి. 'మళ్ళీ' అన్న మాట మాకెవ్వరికీ నమ్మకంగా వినిపించలేదు, కాని మోకాళ్ళ సంగతి ఆవిడకే తెలుసు. ఒక్క దీవితోనే సరిపెట్టాము.

మన విమానాశ్రయం నుంచి తిన్నగా హవాయికి విమానం లేదు. డాలస్‌లోనో లాస్ ఏంజిల్స్‌లోనో మారాలి. డాలస్ నుంచి ఎనిమిది గంటలు కూర్చోవాలి. పశ్చిమ తీరంలో ఒక రాత్రి ఆగితే పెద్దవాళ్ళ కాళ్ళు వాయవు. చక్రాల కుర్చీకి టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పండి. నామోషీ పడేవాళ్ళకు ముందే నచ్చచెప్పుకోండి. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా ఐదు గంటలు వెనక. మొదటి మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికే అందరూ లేచి కాఫీ అడుగుతారు. వంటగది ఉన్న బస తీసుకోండి. బియ్యానికి కొదవ లేదు, అక్కడివాళ్ళూ అన్నం తినేవాళ్ళే. పచ్చళ్ళు ఇంటినుంచి తీసుకుపోతే చాలు.

హీలో వైపు వానలు ఎక్కువ, కోనా వైపు ఎండ. అగ్నిపర్వతం హీలోకు దగ్గర. శిఖరం దగ్గర నాలుగువేల అడుగుల ఎత్తు, రాత్రి చలి వేస్తుంది. ఉష్ణదేశం గదా అని స్వెటర్లు మానవద్దు. 2024 డిసెంబరు 23న మొదలైన ఉద్గారం ఆగి ఆగి, విడతలు విడతలుగా సాగింది. లావా కనిపిస్తుందో లేదో టిక్కెట్లు కొనేనాటికి ఎవరూ చెప్పలేరు. అక్కడి పొగ ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు, ముందు డాక్టరును అడగండి. మౌనాకేయా శిఖరం 13,803 అడుగులు. గుండెజబ్బు, బి.పి. ఉన్నవారిని అక్కడికి ఎక్కించడం నాకిష్టం లేదు. 9,200 అడుగుల దగ్గరున్న సందర్శకుల కేంద్రం వరకైనా డాక్టరు సరేనంటేనే. నక్షత్రాలు అక్కణ్ణుంచీ బాగానే కనిపిస్తాయి.

అగ్నిపర్వతానికి పేలే అనే దేవత ఉన్నదని అక్కడివాళ్ళ నమ్మకం. రాళ్ళు ఏరుకుపోవడం తప్పంటారు, పార్కు చట్టమూ ఒప్పుకోదు. ఈ మాట అమ్మకు విడమరచి చెప్పవలసిన పని పడలేదు. గ్రామదేవత గదా అని, బిలం అంచున నిలబడి దండం పెట్టుకున్నది. నాన్న మాత్రం అరగంటసేపు మాట్లాడలేదు. ఆయన అంతసేపు ఊరకుండటం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో వ్యవసాయశాఖవారు సామాను తనిఖీ చేస్తారు. అనాసపళ్ళు, కొబ్బరికాయలు తెచ్చుకోవచ్చు. తోటల దగ్గర కొన్న మామిడిపళ్ళు రానివ్వరు, అక్కడే తినేసి రండి.