మిక్కీతో ఫలహారం... జిరాఫీతో భోజనం!

‘అరవై రోజుల ముందా? మన ఊళ్లో పెళ్లిభోజనాలక్కూడా ఇంత ముందు చెప్పరు కదమ్మాయ్!’

తెనాలి నుంచి న్యూజెర్సీలోని కొడుకింటికొచ్చిన నాన్నమ్మకి అన్నిటికన్నా వింతగా తోచింది ఇదే. డిసెంబరు సెలవుల్లో ఫ్లోరిడా వెళ్లి వాల్ట్ డిస్నీ వరల్డ్ చూడాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. విమానం టిక్కెట్లయ్యాయి, హోటలయింది. ఇక మిగిలింది తిండి గొడవ. అక్కడ పేరున్న రెస్టారెంట్లలో కూర్చుని తినాలంటే అరవై రోజుల ముందే టేబుల్ పట్టుకోవాలట. అదీ తెల్లవారుజామునే లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటేనే! శ్రీవారి సేవా టిక్కెట్ల కోసం జనం కూర్చోరూ... అలా అన్నమాట. తాతయ్య వెంటనే గోడమీది క్యాలెండర్ దింపి, వేలు పెట్టి అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి ఎర్రసిరాతో సున్నా చుట్టేశారు.

టేబుల్ ఎక్కడ పట్టుకోవాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆ ఇంట్లో పిల్లలిద్దరు. పెద్దదానికి తొమ్మిదేళ్లు. జనవరిలో పదో పుట్టినరోజు. డిస్నీ లెక్కలో పదేళ్లు నిండితే పెద్దవాళ్లే. టిక్కెట్టూ పెద్దదే, భోజనం రేటూ పెద్దదే. మూడు నుంచి తొమ్మిదేళ్లలోపు వాళ్లకే పిల్లల ధర. మూడేళ్లు నిండనివాళ్లకి బఫేల్లో డబ్బే తీసుకోరు. అందుకే ప్రయాణం డిసెంబరులోనే పెట్టింది కోడలు. గట్టి లెక్కే!

చిన్నవాడికి నాలుగేళ్లు. అసలు సమస్య వాడే. అంతకు ఏడాది ముందు ఇంటి దగ్గర మాల్‌లో అడవిలా అలంకరించిన ఓ రెస్టారెంటుకు తీసుకెళ్లారు. పేరెందుకులెండి. తాతమామ్మలకు ఫోన్లో చూపించాలని వాళ్ల నాన్న కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఉన్నట్టుండి దీపాలు మసకబారాయి, ఉరుములూ మెరుపులూ... పక్కనున్న గొరిల్లా బొమ్మ కళ్లు తెరిచి గుండెలు బాదుకుంది. అంతే! వాడి ఏడుపు మాల్ అంతా వినిపించింది. ఆ తరవాత నెలల తరబడి ఏ హోటల్ గుమ్మం ముందు నిలబెట్టినా ‘లోపల ఉరుముతుందా?’ అని అడిగి గానీ అడుగు వేసేవాడు కాదు.

‘భయం పోవాలంటే మళ్లీ అలాంటి చోటికే తీసుకెళ్లాలి’ అన్నది నాన్నగారి సిద్ధాంతం. అలాంటి చోట్లకు అక్కడ కొదవా! మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2012లో తెరిచిన ‘బీ అవర్ గెస్ట్’ ఉంది. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ కథలోని కోట అది. లోపల మూడు గదులు. నాట్యశాలలో కూర్చుంటే కిటికీ అవతల మంచు కురుస్తున్నట్టు కనిపిస్తుంది. హాయిగా ఉంటుంది. అదే ‘వెస్ట్ వింగ్’ గదిలోకి వెళితే చీకటి, ఉరుములు, మెరుపు మెరిసినప్పుడల్లా మారిపోయే రాజకుమారుడి బొమ్మ! ఒకే రెస్టారెంటు, గది మారితే అనుభవమే మారిపోతుంది. ‘నాట్యశాలలో చోటివ్వండి’ అని గుమ్మం దగ్గరే అడగాలన్నమాట. దొరకడం మన అదృష్టం. హాలీవుడ్ స్టూడియోస్‌లో 1991 నుంచీ నడుస్తున్న ‘సై-ఫై డైన్-ఇన్’లో పాతకాలం కార్లే టేబుళ్లు. కార్లో కూర్చుని, చుక్కల ఆకాశం కింద తింటూ, తెర మీద పాత రాక్షసుల సినిమాల ముక్కలు చూడాలి. పన్నెండేళ్ల కుర్రాడికి స్వర్గమే. నాలుగేళ్లవాడికి చీకట్లో రాక్షసులు. పైగా అందరూ తెరవైపే కూర్చుంటారేమో, వెనక సీట్లో బిడ్డ ముఖం ముందున్న అమ్మకి కనిపించదు.

అసలీ చీకటి భోజనశాలల మోజు పాతదే. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1967లో తెరిచిన ‘బ్లూ బాయూ’లో మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెల రాత్రే. సముద్రపు దొంగల కథ చూపించే పడవలు భోజనం బల్లల పక్కనుంచే సాగిపోతుంటాయి. దాని ప్రారంభం చూడకుండానే వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో కన్నుమూశారు. పెద్దలకు ఆ మసక వెలుతురు ఎంతో అందం. పసివాళ్లకు మాత్రం కంచంలో ఏముందో కనిపించాలి. కనిపించనిది వాళ్లు తినరు.

నాన్నగారి సిద్ధాంతానికి గండి కొట్టింది నాన్నమ్మే. ఓ రాత్రి పప్పు గిన్నె ముందు పెట్టుకుని నింపాదిగా అంది...

‘ఒరేయ్, దసరాకి మన వీధిలోకి పులివేషం వచ్చినప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా? మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. మీ నాన్నగారు లాగబోతే నేనే వద్దన్నాను. మర్నాడు పులి నాలుగిళ్ల అవతల ఆడుతుంటే అరుగు మీంచి చూశావు. ఆ మర్నాడు రెండిళ్ల అవతల. మూడోరోజు నువ్వే వెళ్లి దాని తోక పట్టుకున్నావు.’

కోడలు నవ్వాపుకోలేకపోయింది. నాన్నగారు మాత్రం ఆ రాత్రి కంప్యూటర్‌లో జాబితా అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు.

పిల్లలకు భయం పుట్టించేది వేషమొక్కటే కాదు, అది మీదికి వచ్చే తీరు కూడా. పార్కులో మిక్కీతో ఫొటో కోసం వరసలో నిలబెడితే, తలుపు తెరవగానే అంత పెద్ద తలకాయ ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. అదే బొమ్మలు టేబుల్ టేబుల్‌కీ తిరిగే భోజనాల్లో అయితే దూరంనుంచి చూసుకోవచ్చు. మిక్కీ అయిదు టేబుళ్ల అవతల ఉన్నాడు, ఇప్పుడు మూడు టేబుళ్లు... అచ్చం నాలుగిళ్ల అవతలి పులిలాగే! ఇంకో సంగతి. మిక్కీ, గూఫీ లాంటి బొచ్చువేషాలు మాట్లాడవు, సైగలే. రాజకుమార్తెలైతే గలగలా మాట్లాడతారు. సిగ్గరి పిల్లలకి ఏది నయమో ఇంట్లోవాళ్లకే తెలియాలి.

అలా ఎంచుకున్నదే ‘షెఫ్ మిక్కీస్’. ఇది పార్కు లోపల లేదు. 1971లో డిస్నీ వరల్డ్‌తో పాటే తెరిచిన కాంటెంపరరీ హోటల్లో ఉంది. అంటే అక్కడ తినడానికి పార్కు టిక్కెట్టు అక్కర్లేదు. బఫే కాబట్టి కూర్చున్న మరుక్షణమే పిల్లాడి చేతిలో ఏదో ఒకటి పెట్టొచ్చు. నిద్రా ఆకలీ కలిసొచ్చిన పిల్లాడితో ఇరవై నిమిషాలు వెయిటర్ కోసం ఎదురుచూసిన అమ్మలకి దీని విలువ తెలుస్తుంది. ఇక ఆ హోటల్ చిత్రమేమిటంటే, మోనోరైలు భవనం కడుపులోంచే దూసుకుపోతుంది!

పెద్దదానికి మాత్రం సిండ్రెల్లా కోటలోనే తినాలని పంతం. 189 అడుగుల ఆ కోట లోపల నిజంగానే భోజనశాల ఉంది. తమాషా ఏమిటంటే 1997 దాకా దాని పేరు వేరే రాజుది. నిద్రపోయే రాజకుమారి తండ్రి స్టీఫెన్ రాజు పేరుతో నడిచేది. సిండ్రెల్లా ఇంట్లో ఆ వియ్యంకుడెవరో ఎవరికీ అర్థమయ్యేది కాదేమో, చివరికి సిండ్రెల్లా పేరే పెట్టారు. ఆరుగురికీ లెక్కేస్తే పన్నూ టిప్పూ కలిపి నాలుగు వందల డాలర్లు దాటింది. అదీ ముందే కట్టాలి. తాతయ్య దాన్ని రూపాయల్లోకి మార్చబోతుంటే కోడలు క్యాలిక్యులేటర్ లాక్కుంది.

‘అందరం ఎందుకండీ? నేనూ అదీ వెళతాం. మీరు బయట కూర్చుని అత్తయ్యగారి పులిహోర తినండి’ అని తేల్చేసింది.

ఇంటిల్లిపాదీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని రూలేమీ లేదు కదా. రాజకుమార్తెలు కావాలి, కోట లేకపోయినా ఫరవాలేదనుకునేవాళ్లకి ఎప్‌కాట్‌లో నార్వే విభాగంలో ‘అకెర్షుస్’ అనే మరో రాచవిందు ఉంది. ఇక పులిహోర మాటంటారా... డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలూ, మద్యం మాత్రం కూడదు. ఈ సంగతి తెలిసిన క్షణం నుంచీ నాన్నమ్మకి డిస్నీ మీద గౌరవం పెరిగిపోయింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. మిక్కీ మూడు టేబుళ్ల దూరంలో ఉండగానే చిన్నవాడు సర్రున బల్ల కింద దూరాడు. నాన్నగారి చెయ్యి అలవాటుగా కిందకి పోయింది. నాన్నమ్మ ఒక్క చూపు చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది. మిక్కీ వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, కింద చూసి, విషయం గ్రహించినట్టు రెండు చేతులతో కళ్లు మూసుకుని, అక్కతో ఫొటో దిగి వెళ్లిపోయాడు. తరవాత వచ్చిన డొనాల్డ్‌కి మేజాగుడ్డ పక్కకి తప్పించిన ఒక కన్ను కనిపించింది. గూఫీ వచ్చేసరికి వాడు నాన్నమ్మ ఒళ్లో ఉన్నాడు. చివర్న వచ్చిన ప్లూటో ముక్కు మీద ఒకే ఒక్క వేలు పెట్టి చూశాడు. ఆ వేలుని రోజంతా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నాన్నమ్మకి మాత్రం ఆ పూట పళ్లూ, బంగాళాదుంపలే. మిక్కీ ముఖంలా ఉండే వాఫిల్‌లో గుడ్డు ఉంటుందని కోడలు ముందే చెప్పింది. శాకాహారమంటే గుడ్డూ కూడదని అక్కడివాళ్లకి విడమరచి చెప్పాల్సిందే. ‘వెజిటేరియన్’ అన్న ఒక్కమాట చాలదు.

తిన్నాక తాతయ్య మనవణ్ని ఎత్తుకుని రైలు చూపించడానికి తీసుకెళ్లారు. ఆ హాలు నడుమ తొంభై అడుగుల ఎత్తున రంగురంగుల పలకలతో గోడ చిత్రం ఉంది. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి వేసింది. అందులో ఒక మేకకి అయిదు కాళ్లుంటాయి! ఆవిడ కావాలనే వేసిందట. రైలు వచ్చి పోయే వైపున్న ఆ మేకని వెతకడానికి తాతామనవళ్లకి పావుగంట పట్టింది. పైసా ఖర్చు లేదు, రిజర్వేషనూ లేదు.

మూడోనాడు ‘సనా’లో మధ్యాహ్న భోజనం. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో 2009లో మొదలైన ఈ రెస్టారెంట్‌లో వేషాలుండవు, ఉరుములుండవు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, అవతల గడ్డిమైదానంలో జిరాఫీలూ జీబ్రాలూ. వంటలు ఆఫ్రికావి, వాటిలో మన మసాలాల వాసన. రకరకాల నాన్‌లు, వాటితో నంజుకోవడానికి తొమ్మిది గిన్నెల్లో చట్నీలూ, రైతా లాంటివీ తెచ్చి పెడతారు. నాలుగు రోజులకి నాన్నమ్మ ముఖంలో మొదటిసారి భోజనం కళ కనిపించింది. అయితే ఒక్క జాగ్రత్త... ఇక్కడికి పగలే వెళ్లాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదున్నరకే పొద్దుగుంకుతుంది. చీకటి పడ్డాక వెళితే అద్దంలో మన ముఖమే కనిపిస్తుంది.

ఆరోజు జంతువులు చాలాసేపు దూరంగానే ఉన్నాయి. వాటికి మన రిజర్వేషన్‌తో పనేముంది! పెద్దది విసుక్కుంటోంది. సరిగ్గా నాన్‌లు వచ్చిన వేళకి ఓ జిరాఫీ నింపాదిగా నడుచుకుంటూ వచ్చి కిటికీకి కాస్త అవతల నిలబడింది. చిన్నవాడు నోరు తెరిచాడు. నాన్నమ్మ నాన్ తుంచి, రైతాలో ముంచి, తెరిచిన నోట్లో పెట్టేసింది. అది అటు తిరిగినప్పుడు ఒకటి, ఇటు తిరిగినప్పుడు ఒకటి. రెండు నాన్‌లు ఎప్పుడు అయిపోయాయో వాడికే తెలియదు. వాళ్ల నాన్నకి ఈ విద్య కొత్తేమీ కాదు. కాకపోతే తెనాలి డాబా మీద జిరాఫీ స్థానంలో చందమామ ఉండేవాడు.

మార్చిలో పెద్దవాళ్లు తెనాలి తిరిగి వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులతో మళ్లీ అంత దూరం విమానమెక్కడం కష్టమేనని నాన్నమ్మ వెళ్లేటప్పుడే చెప్పింది. మొన్నో ఆదివారం వీడియో కాల్‌లో మనవడు తన బొమ్మల పుస్తకం కెమెరాకి అడ్డంగా పెట్టాడు. కోట లేదు, మిక్కీ లేడు. ఆకుపచ్చ రంగులో ఓ మేక, పక్కనే తెల్లజుట్టు తాతయ్య.

‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు...’ అని తెనాలి నుంచి లెక్కపెట్టిన తాతయ్య ఆగారు. ‘ఒరే నాన్నా, ఆరోది కూడా ఉందేంటిరా?’

‘అది కాలు కాదు తాతయ్యా... తోక!’