తొలి ఆటకే తీర్పా?

కొత్త సినిమాకి మొదటి ఆట ఎలాంటిదో, బాస్కెట్‌బాల్ లీగులో కొత్త కుర్రాడికి మొదటి నెల అలాంటిది. ఇంటర్వెల్‌కే బయటికొచ్చి సోడా తాగుతూ "పోయింది గురూ!" అని తేల్చేసేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కాకపోతే నేను చెప్పబోయే లీగులో మైదానం లేదు, బంతి లేదు, చెమటోడ్చే ఆటగాడూ లేడు. అంతా కంప్యూటర్ లోపలే! తిట్లు మాత్రం అసలు సిసలైనవే సుమా!

'బాస్కెట్‌బాల్ జి.ఎం.' అని ఒక ఆట ఉంది. పైసా ఖర్చు లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటే చాలు. ఇందులో మనం బంతి వెయ్యం. టీముకి మేనేజర్‌గా కూర్చుంటాం. ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి, ఎవర్ని ముందు దింపాలి... ఇవీ మన పనులు. మ్యాచ్‌లు కంప్యూటర్ ఆడించి స్కోర్లు మన చేతిలో పెడుతుంది. 30 టీములు, ఒక్కో టీముకి సీజన్‌లో 82 ఆటలు. అచ్చం అమెరికాలోని ఎన్.బి.ఏ. లెక్కే. ఆటగాళ్ళు మాత్రం కంప్యూటర్ పుట్టించిన కల్పిత వ్యక్తులు.

కాలేజీలో ఒకే క్లాసులో చదువుకున్న ఏడుగురం, మాలో ఒకడి తమ్ముడు... వెరసి ఎనిమిది మందిమి తలా ఒక టీము పంచుకున్నాం. మిగతా 22 టీముల సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ, చివరికి డల్లాస్ దాకా చెదిరిపోయిన వాళ్ళం మేము. ఆదివారం రాత్రి పదింటికి (డల్లాస్‌వాడికి అప్పుడు పొద్దున్న కాఫీ వేళ) మాలో పెద్దమనిషి ఒకడు ఓ ఇరవై ఆటలు నడిపించి స్కోర్లు పంపిస్తాడు. ఇక చూస్కోండి, పెళ్ళిళ్ళలో కూడా అంత గోల ఉండదు!

అన్నట్టు, డ్రాఫ్ట్ అంటే తెలియని వాళ్ళకి ఒక ముక్క. ఏటా లీగులోకి వచ్చే కొత్త కుర్రాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకుంటాయి. పోయిన ఏడు చిత్తుగా ఓడినవాళ్ళకి ముందు వంతు దక్కే అవకాశాలు ఎక్కువ. అలా వచ్చిన వంతుని పిక్ అంటారు, అలా వచ్చిన కుర్రాణ్ణి రూకీ అంటారు.

మా తమ్ముడుగారికి (అందరికీ తమ్ముడే కాబట్టి అలాగే పిలుస్తాం) తొలి ఏడాదే మూడో పిక్ దొరికింది. పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకున్నాడు. మొదటి ఇరవై ఆటలు కాగానే నాకు ఫోను.

"అన్నా, వీడు పనికిరాడన్నా. ఇచ్చేస్తున్నా."

"ఆగరా నాయనా! ఆటకి ఎన్ని పాయింట్లు?"

"ఎనిమిదే."

"ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "పద్నాలుగు" అన్నాడు.

అదే సమయంలో విజయవాడ మిత్రుడి పదిహేడో పిక్ ఆటకి పన్నెండు పాయింట్లు కొడుతున్నాడు. గ్రూపులో అతగాడికి హారతులే హారతులు! మరి అతనాడేది ఎన్ని నిమిషాలు? ముప్ఫై నాలుగు. బాస్కెట్‌బాల్‌లో ఇలాంటి చిక్కు విప్పడానికి 36 నిమిషాల లెక్క అని ఒకటుంది. ఎవరెంత సేపు ఆడినా, 36 నిమిషాలు ఆడితే ఎంత కొట్టేవాడో లెక్కగడతారు. ఆ లెక్కన తమ్ముడి కుర్రాడికి 20 పైచిలుకు, విజయవాడ హీరోకి 13 లోపు. ఒక్క భాగహారంతో బొమ్మ తిరగబడింది!

అలాగని ఇదే వేదవాక్కు అనుకోకూడదు. పద్నాలుగు నిమిషాలవాడు సాధారణంగా అవతలి టీము రెండో వరస ఆటగాళ్ళ మీద ఆడతాడు. నిమిషాలు పెరిగితే ఎదురయ్యేది మొదటి వరస. అప్పుడు ఆ 20 నిలుస్తుందా అంటే... నిలవకపోవచ్చు. మనకి తెలిసింది ఒక్కటే, వాడు పనికిరాడనడానికి చేతిలో ఆధారం లేదు.

తమ్ముడు వదల్లేదు. "దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు చూడన్నా. 40 వేస్తే 11 పడ్డాయి" అన్నాడు. నిజమే, 27 శాతం పైచిలుకు. చూడ్డానికి ఘోరంగానే ఉంది. కానీ నూటికి 35 వేయగల మంచి షూటర్ కూడా 40 షాట్లలో కచ్చితంగా 14 వేస్తాడని ఎవరూ రాసివ్వలేరు. ఒకసారి 11, ఒకసారి 17... రెండూ మామూలే. పదకొండు పడితే పనికిమాలినవాడు, పదిహేడు పడితే 42 శాతం దాటిన మొనగాడు! నడుమ తేడా ఆరు బంతులు. ఇరవై ఆటల్లో ఆరు బంతులు రింగు అంచు తాకి లోపలికి దొర్లాయా, బయటికి దొర్లాయా అన్నదాని మీద ఒకడి జాతకం రాసేస్తామా?

ఈ ఆటలో ఇంకో తమాషా ఉంది. డ్రాఫ్ట్‌కి వచ్చే కుర్రాళ్ళకి రెండు అంకెలు ఇస్తారు. ఒకటి ఇవాళ్టి సత్తా, రెండోది రేపు ఎంతవరకు ఎదగొచ్చన్న అంచనా. మనకి కనిపించే ఆ అంకెలు కూడా కాస్త మసకగానే ఉంటాయి. తయారుచేసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. ఇక అసలు సత్తా మారేది ఏడాదికి ఒక్కసారి, ప్లేఆఫ్స్ ముగిశాకే. పెద్ద దెబ్బ తగిలితే తప్ప, తొలి ఆట ఆడిన కుర్రాడూ ఎనభై రెండో ఆట ఆడిన కుర్రాడూ ఒకడే అన్నమాట! మొదటి వారం ఇరవై కొట్టి, మూడో వారం రెండు కొడితే వాడు చెడిపోయాడని కాదు. పాచికలు అలా పడ్డాయి, అంతే.

"కంప్యూటర్ ఆటకేం, ఎన్నయినా చెప్తారు. నిజం ఆటలో అలా కుదురుతుందా?" అంటారేమో. చిత్తగించండి.

2013 అక్టోబరు 30న ఫిలడెల్ఫియా తరఫున మైకేల్ కార్టర్-విలియమ్స్ అనే రూకీ తొలి మ్యాచ్ ఆడాడు. ఎదుట ఉన్నది అప్పటి ఛాంపియన్ మయామి. 22 పాయింట్లు, 12 అసిస్టులు, 7 రీబౌండ్లు, అవతలివాళ్ళ చేతిలోంచి బంతి కొట్టేయడం 9 సార్లు! టీము గెలిచింది. ఆ ఏటి మేటి రూకీ అవార్డూ అతనికే వచ్చింది. తీరా చూస్తే, ఆ తర్వాత టీము వెంట టీము మారుతూ పోయాడు గానీ ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేకపోయాడు.

అదే డ్రాఫ్ట్‌లో పదిహేనో పిక్‌గా గ్రీసు దేశం నుంచి ఓ సన్నపాటి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మిల్వాకీ చేరాడు. తొలి సీజన్‌లో ఆటకి 6.8 పాయింట్లు. అతనే యానిస్ అంటెటోకూంపో. 2019లో, 2020లో లీగు మొత్తానికి మేటి ఆటగాడు. 2021 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టి టీముకి కప్పు తెచ్చాడు. ఇంకో చిత్రం, 2015లో కార్టర్-విలియమ్స్ మారి చేరింది ఈ యానిస్ టీములోకే!

మా డల్లాస్ మిత్రుడికైతే ఈ కబుర్లలో దేవుడు ఒక్కడే, డిర్క్ నొవిట్స్కీ. 1998లో జర్మనీ నుంచి తొమ్మిదో పిక్‌గా వచ్చి, తొలి సీజన్‌లో ఆటకి 8.2 పాయింట్లతో సరిపెట్టుకున్నాడు. 2007లో మేటి ఆటగాడు, 2011లో డల్లాస్‌కి కప్పు. మొత్తం 21 సీజన్లు ఆ ఒక్క టీముకే ఆడాడు. తొలి ఏడాదే "ఇచ్చేస్తున్నా" అనుంటే?

అయితే నాణేనికి రెండో వైపు చూపించకపోతే అన్యాయం. అదే 2013లో మొట్టమొదటి పిక్ ఆంథొనీ బెన్నెట్ తొలి సీజన్‌లో ఆటకి 4.2 పాయింట్లు కొట్టాడు, నాలుగు సీజన్లకే ఎన్.బి.ఏ.కి దూరమయ్యాడు. 2003లో లెబ్రాన్ జేమ్స్ తొలి మ్యాచ్‌లోనే 25 కొట్టాడు, ఆ తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే. అంటే తొలి అంకెలు ఒక్కోసారి నిజమే చెబుతాయి. కానీ 4.2, 6.8... ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టి, ఇందులో కప్పు తెచ్చేవాడెవడో చెప్పమంటే చెప్పగలమా?

మన సినిమావాళ్ళకి ఇది కొత్త పాఠమేమీ కాదు లెండి. 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికొచ్చిన చిరంజీవి, 1979లో 'ఇది కథ కాదు'లో ప్రతినాయకుడి ఛాయలున్న వేషం వేశారు. 'ఖైదీ' వచ్చింది 1983లో. నడుమ అయిదేళ్ళు! ఆ అయిదేళ్ళూ నిర్మాతలు వేషాలిచ్చారు, ప్రేక్షకులు చూశారు. బాస్కెట్‌బాల్ భాషలో చెప్పాలంటే, నిమిషాలు దొరికాయి.

ఇంతకీ తమ్ముడి సంగతి. కుర్రాణ్ణి వదిలేస్తాడన్న వాసన తగలగానే మావాళ్ళు గద్దల్లా వాలారు. డల్లాస్‌వాడు ముప్ఫై ఒకటేళ్ళ పాత కాపుని ఇచ్చి మూడో పిక్‌ని లాక్కోబోయాడు. నేను తమ్ముడికి చెప్పింది ఒకటే. "అమ్మడం ఎప్పుడైనా అమ్మొచ్చురా. ముందు వాడి నిమిషాలు పెంచి చూడు. వయసు చూడు, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నాడో చూడు. ఎవరి మీద ఆడుతున్నాడో చూడు. పాయింట్లు చివర్న చూడు."

వాడు కాసేపాగి, మెల్లిగా వేరే సంగతి ఎత్తాడు. ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడు. ఆరు నెలల ప్రొబేషన్. మూడో నెలలోనే మేనేజరు పిలిచి, "నీ పనితనం ఏమీ కనబడట్లేదే" అన్నాడట. ఆ మూడు నెలల్లో రెండు నెలలు వాడికిచ్చిన పని పాత కాగితాలు స్కాన్ చేయడం!

"నన్నూ పద్నాలుగు నిమిషాలే ఆడించారన్నా" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర భాగహారం లేదు. "మరి నిమిషాలు అడిగావా?" అన్నాను. అడగలేదట. అడగొచ్చని కూడా తోచలేదట. కొత్తవాడు నోరు తెరిస్తే పొగరంటారని భయం. కంప్యూటర్‌లోని కుర్రాడికి నోరు లేదు, వీడికుంది కదా! మర్నాడు వెళ్ళి, "ఒక్క పని పూర్తిగా నాకిచ్చి చూడండి సార్" అని అడిగాడు. చిన్నదే గానీ, ఇచ్చారు. ప్రొబేషన్ ఇంకా నడుస్తోంది కాబట్టి అంతకు మించి నేనూ చెప్పలేను.

లీగులో సంగతి మాత్రం తేలింది. నిమిషాలు ఇరవై ఎనిమిదికి పెరిగాక మూడో పిక్ కుర్రాడు సీజన్ ముగిసేసరికి ఆటకి పదమూడు దగ్గర నిలిచాడు. స్టారేమీ కాలేదు. నమ్ముకోదగ్గ ఆటగాడయ్యాడు. హారతులందుకున్న విజయవాడ హీరో బెంచీ మీద కూర్చున్నాడు, రెండో ఏడు ఎలా ఉంటుందో చూడాలి. అతనిదీ ఇరవయ్యేళ్ళ వయసే మరి, అతని మీద కూడా తీర్పు చెప్పడానికి మనమెవరం?

వచ్చే ఆదివారం మళ్ళీ డ్రాఫ్ట్. ఈసారి తమ్ముడిది పదకొండో పిక్. ఇంకా కుర్రాడి పేరైనా తెలియకముందే డల్లాస్‌వాడు ఫోను చేసి బేరం పెట్టాడట. తమ్ముడు ఏమన్నాడో తెలుసా?

"నలభై ఆటలయ్యాక చెయ్యన్నా!"