ఏడాది పోతాదబ్బా!

జర్మనీ నుంచి ఏటా కొందరు పదహారేళ్ల పిల్లలు అమెరికా హైస్కూల్లో ఒక ఏడాది చదివి వస్తారు. ఇందుకు రెండు దేశాల పార్లమెంట్లు కలిసి నడిపే పథకమే 1983 నుంచి ఉంది. ముక్కూ మొహం తెలియని కుటుంబం ఒకటి, పైసా ఆశించకుండా, అలా వచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకుంటుంది. అక్కడ గంట కొడితే సారు రారు; పిల్లలే ఇంకో గదికి పరిగెత్తాలి. సాయంత్రం బ్యాండు, ఆటలు, నాటకం అన్నీ బడిలోనే. జర్మనీలో వీటికి ఎక్కువగా ఊళ్లోని క్లబ్బులకు పోవాలి.

మన కర్నూలు, కడప పిల్లలు అమెరికా పోరా? ఎందుకు పోరు! బీటెక్ అయ్యాక, ఎమ్మెస్‌కు. పదహారేళ్లకు మాత్రం మనవాడు ఇంటర్ హాస్టల్లో, ఎంపీసీ పుస్తకాల మధ్య ఉంటాడు. 2002లో అమెరికా పెట్టిన కెన్నెడీ-లూగర్ పథకంలో మన దేశపు పిల్లలూ ఇలాగే ఏడాది చదువుకు వెళ్లొచ్చారు. ఆ మాట ఎత్తితే మా ఇళ్లలో ఒకటే జవాబు: "ఏడాది పోతాదబ్బా!"

పరాయి చోట గడిపిన ఏళ్లు పోయినట్టేనా? ఇరవై రెండేళ్లు నిండకుండానే 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ విద్యార్థి కాదు, కుంపిణీ ఉద్యోగి. అయినా ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సరిచేయిస్తూ తెలుగు నేర్చుకున్నదాన్ని చదువు కాదనగలమా?

ఒక జర్మన్ పిల్ల మా వీధికొస్తే సంకటి, ఊరిబిండి పెట్టి ఏడాదేం, రెండేళ్లయినా చూసుకుంటారు. స్టడీ అవర్లు లేకుండా ఆమెను చేర్చుకునే కాలేజీయే దొరకాలి.